శిఖం

సికింద్రాబాద్ స్టేషన్ పార్సిల్ ఆఫీసు ముందు
తెల్లారి నాలుగున్నరకు
నా చేతికి ఒక సరస్సును అప్పజెప్పారు.
సంతకం పెట్టమన్నారు, పెట్టాను.

థర్మాకోల్ పెట్టె, చుట్టూ గోధుమరంగు టేపు.
లోపల గొట్టంలో మూరెడు మట్టి,
పక్కన ఆరు సీసాల నీళ్లు.
మూత మీద స్కెచ్ పెన్నుతో రిగ్జిన్ రాత:
నాలుగు వేల ఎనిమిది వందల మీటర్లు.
నిటారుగా ఉంచగలరు.

ఆటోలో ఒళ్లో పెట్టుకున్నాను.
తార్నాక వచ్చేసరికి మోకాళ్లు తిమ్మిరెక్కాయి.
"మటనా అన్నా?" అన్నాడు ఆటో అతను.
"చెరువు" అన్నాను.
అద్దంలోంచి నన్నొకసారి చూసి
ఇంకేం అడగలేదు.

ఇరవై రెండేళ్లుగా ల్యాబులో ఇదే పని.
మట్టిని సెంటీమీటరు చొప్పున కోయాలి,
పొట్లం కట్టి నంబరు వేయాలి.
సెంటీమీటరంటే ముప్ఫై ఏళ్లు బాలనర్సూ,
చెయ్యి వణికిందో ఒక తరం పోయినట్టే
అంటుంది వసుమతి మేడం.
పదిహేనో పొట్లం కట్టేటప్పుడు
ఇక్కడ చార్మినార్‌కు సున్నం నూరుతుంటారు.
అక్కడ ఆ ఏడాది
నీళ్లలో ఒక పూపొడి రేణువు పడింది.
అంతే.

నేనా కొండలెప్పుడూ ఎక్కలేదు.
నాకు తెలిసిన ఎత్తు మౌలాలి గుట్ట.
వయసులో ఆ గుట్ట ముందు
హిమాలయం పాలు తాగే పిల్లట.
ఇది విన్నరోజు ఇంటికెళ్తూ
గుట్టకేసి తిరిగి ఒక నమస్కారం పెట్టాను, ఎందుకో.

ఒకసారి ఫోన్లో రిగ్జిన్‌ని అడిగాను,
అతని హిందీ, నా హిందీ ఒకదాన్నొకటి తొక్కుకుంటుండగా:
మీ చెరువుకు కట్ట ఎవరు పోశారు?
తూము ఎటు? అలుగు పారితే ఎవరి మడిలోకి?
ఎవరూ పోయలేదన్నాడు.
మంచు వెనక్కి నడిచిపోతూ, మోయలేక
దించేసిన రాళ్ల మూటే కట్ట అన్నాడు.
చేపల్లేవు. చాకి బండ లేదు. పడవ లేదు.
కట్ట మీద మైసమ్మ లేదు.
"మరి కాసేదెవరు?"
"చలి" అన్నాడు.
కాసేపాగి, "ఈమధ్య అది కూడా
డ్యూటీకి సరిగ్గా రావట్లేదు" అన్నాడు.

రంగు అడిగాను.
"నేను చూస్తున్నప్పుడు నీలం.
వెనక్కి తిరిగాక ఏ రంగో నాకు తెలీదు."

మా ఇల్లు రామంతాపూర్‌లో, నాలా పక్క గల్లీ.
రిజిస్ట్రీ కాగితంలో లేదు గానీ
పాత పహాణీలో ఉంది ఆ మాట:
శిఖం.
చెరువు అడుగు భూమి.
శిఖానికీ శిఖరానికీ ఒక్క అక్షరం తేడా.
ఆ ఒక్క అక్షరం ఎక్కడానికి
రిగ్జిన్‌కు నాలుగు రోజులు పడుతుంది.

పక్కింటి ఖైసర్ బేగం చెప్పింది,
వాళ్లాయన బోర్లించిన కుండల మీద తేలుతూ
ఇక్కడే సింగాడాలు కోసేవాడని.
"లోతెక్కువ ఎక్కడో తెలుసా?
మీ వంటిల్లు" అంది, ఉల్లిపాయ అప్పిస్తూ.

ఆ ఆదివారం
పెరట్లో ఒక పీవీసీ పైపు నిలబెట్టి
సమ్మెటతో దిగ్గొట్టాను.
మా ఆవిడ బోరనుకుంది, సంతోషించింది.
పేపరు పరిచి కోశాను:
ఇటుక ముక్క, షాంపూ పొట్లం, సున్నం,
ఇటుక, ఇటుక, పగిలిన గాజు.
జానెడు కింద ఒక్కసారిగా
నల్లగా, మెత్తగా, వెన్నలా
వేరే వాసన.
అందులో రెండు కొమ్ముల సింగాడా తొక్క,
నిన్న ఎవరో తిని పారేసినట్టు.

సోమవారం కోల్డ్ రూంలో
నాలుగు డిగ్రీల దగ్గర
రెండు గొట్టాలు పక్కపక్కన నిలబెట్టాను.
అయిదు వందల మీటర్లు, నిటారుగా ఉంచగలరు
అని నా చేత్తో రాశాను.
మేడం చూసింది. రిజిస్టరులో లేదు కదా అంది.
లేదన్నాను.
తీసెయ్యమనలేదు.

రాత్రి రిగ్జిన్ ఫోన్ చేశాడు,
పెట్టె పగలకుండా చేరిందా అని.
విషయం చెప్తే గట్టిగా నవ్వాడు. తర్వాత అడిగాడు:
"మీ చెరువు ఏం రంగు?"

వంటింట్లో మా ఆవిడ గచ్చు తుడుస్తోంది.
తడి ఆరకముందే
బల్బు వెలుగు దానిమీద కదిలింది.

వానలు రానీ భాయ్, అన్నాను.
చూసి చెప్తా.